దగ్గిన సైరన్

ఎగువన ఆనకట్ట కట్టాక ఆ ఏరు తన నడక తానే మరిచిపోయింది. వాన చుక్క లేకపోయినా పొంగేది. కరెంటు పుట్టించినప్పుడల్లా నీళ్లు వదులుతారు, ముందుగా సైరన్ కూస్తుంది. ఇసుక తిన్నె మీద పుచ్చపాదులు వేసుకునే మనుషులు రెండుసార్లు పంట పోగొట్టుకుని, గుడిసెలు పీక్కుని ఒడ్డెక్కారు. తీతువు పిట్ట మాత్రం ఎక్కడికి పోతుంది? దాని జాతి గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. ఆ ఏడు మొదటి విడత గుడ్లు ఏటిపాలయ్యాయి.

అప్పుడు అడక్కుండానే నక్క వచ్చింది.

"అక్కా, ఆ కరెంటు ఆఫీసు గోడ వెనకే నా బొరియ. వాళ్ల పద్ధతులన్నీ నాకు తెలుసు. సైరన్ వినగానే ఒడ్డుకి ఎగిరిపో. వెనక్కి చూడకు."

"మరి గుడ్లో?"

"మళ్లీ పెట్టుకోవచ్చు. ప్రాణం మళ్లీ వస్తుందా?"

తీతువు మళ్లీ నాలుగు గుడ్లు పెట్టింది. మూడోనాడు సైరన్ కూసింది, ఎగిరిపోయింది. తిరిగొచ్చేసరికి రెండే మిగిలాయి.

"ఏరు రెండే తీసుకెళ్లింది, నయం," అని నక్క మూతి నాక్కుంది.

తీతువు ఆ మూతి వంక చూసింది. నేరుగా ముసలి తాబేలు దగ్గరికి పోయింది.

"తాతా, నిజంగా నీళ్లొచ్చాయా?"

"పొద్దున నేను పాకిన చార ఇసుకలో అలాగే ఉందమ్మా. నీళ్లొస్తే ఉండేదా? పైగా ఆనకట్ట అడుగునుంచి వచ్చే నీళ్లకి నా కాళ్లు జివ్వుమంటాయి. ఇవాళ ఏరు వెచ్చగానే ఉంది."

"మరి సైరన్?"

"నేనూ విన్నాను. చివర్లో దగ్గింది."

దగ్గింది నక్కేనని తీతువుకి తెలిసిపోయింది. మిగిలిన రెండు గుడ్లనూ తాబేలు ముక్కుతో మెల్లగా నెట్టుకుంటూ, నీళ్లందని గులకరాళ్ల మిట్ట మీదికి చేర్చింది. వాటి చోట తీతువు గుడ్లలాంటి రెండు చుక్కల రాళ్లు పెట్టింది.

మర్నాడు సైరన్ కూసింది, దగ్గింది. తీతువు ఎగిరిపోయినట్టు నటించి ఒడ్డున కూర్చుంది. నక్క పొద చాటునుంచి పరుగెత్తుకొచ్చి గుడ్డు కొరికింది. పన్ను ఊడింది. అసలు గుడ్లు కింద పూడ్చి ఉంటారని ఇసుక తవ్వసాగింది.

ఇంతలో ఎగువనుంచి మళ్లీ సైరన్. ఈసారి దగ్గు లేదు.

"ఏ బావమరిదో నా విద్య పట్టేశాడు. వాటాకొస్తున్నాడు," అని నక్క గొణిగింది.

"నక్కా, ఇది నిజం సైరనే, లేచి రా," అని తాబేలు ఒడ్డునుంచి కేకేసింది.

"నీకూ వాటా కావాలా తాతా? ఎవరు చెప్పినా నమ్మను," అంటూ ఇంకా లోతుగా తవ్వింది.

జివ్వుమనే నీళ్లు ముందు కాళ్లకి తగిలాయి, తర్వాత మెడకి. ఆపైన తోకొక్కటే కనబడుతూ మలుపు తిరిగిపోయింది.

కొన్నాళ్లకి మిట్ట మీద రెండు పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని వచ్చాయి. నేటికీ సైరన్ కూస్తే తీతువు ముందు వాటిని రెక్కల కిందికి తీసుకుంటుంది, ఆ తర్వాత చివరిదాకా చెవి ఒగ్గి వింటుంది.

నీతి: ఏటి నడక మారినప్పుడు, దాన్ని చదివి చెబుతానని వచ్చినవాణ్ణే ముందు చదవాలి.