ఆరో మెట్టు ఎక్కలేని రాజుగారు

ఆ నరసింహస్వామి చల్లని చూపువల్ల మల్లెకొండ రాజ్యంలో వానలకు లోటు లేదు, పంటలకు లోటు లేదు. ఉన్న లోటల్లా రాఘవభూపతి మహారాజుగారి మనసులోనే.

ఒకనాడు నిండు కొలువులో ఆయన ఉన్నట్టుండి, "చింతలేటి యుద్ధంలో మా తాతగారు గెలిచి ఉంటే ఏమయ్యేది?" అన్నారు.

అయ్యలారా, అది అరవై ఏళ్ల నాటి ఓటమి. తాతగారు వీరభూపతి సగం సైన్యంతో ముందే ఏరు దాటేశారు. ఏనుగులు వెనక వస్తున్నాయి. ఇంతలో ఏరు పొంగింది. "ఏనుగెక్కితే పడవ మునిగిపోతుంది" అని పడవలవాళ్లు చేతులు జోడించారు. ఏనుగులు ఈ ఒడ్డున, తాతగారు ఆ ఒడ్డున. ఇంకేం గెలుస్తారు?

"నలభై రోజులు వినే ఓపిక ఉంటే గెలిపించి చూపిస్తాను ప్రభూ!" అంటూ లేచాడు ఆస్థాన పండితుడు నృసింహావధాని, శాలువా సర్దుకుంటూ.

ఇక చూసుకోండి. అవధాని కథలో మొదటి రోజు ఏనుగులు ఏరు దాటాయి. మూడో రోజు ఆనాటి శత్రువు కనకగిరి రాజు తాతగారి కాళ్లమీద పడి, తన ఒక్కగానొక్క కూతురు రత్నాంగినిచ్చి పెళ్లి చేశాడు. పదో రోజుకు కటకం, ఇరవయ్యో రోజుకు సముద్రం, ముప్ఫయ్యో రోజుకు సింహళం!

రాజుగారు మీసం దువ్వడమే పనిగా పెట్టుకున్నారు. అక్కడితో ఆగారా? గెలిచి ఉండాల్సిన దేశాలకు పాలకులను కూడా నియమించారు. సింహళం సేనాపతికి ఇచ్చారు.

"ముత్యాలు దొరికే చోటు ఆయనకెందుకు? నాకు కావాలి!" అన్నారు మంత్రిగారు.

"నువ్వు పడవెక్కితే కళ్లు తిరుగుతాయి కదయ్యా!" అన్నాడు సేనాపతి.

"నీకు ఈతైనా వచ్చా?"

ఇద్దరూ తలపాగాలు పట్టుకుని పీక్కున్నారు. సముద్రపు గాలికి జలుబు చేసిందని మర్నాడు మంత్రిగారు కొలువుకే రాలేదు.

ఇంతవరకూ నవ్వులాటే. నలభయ్యో రోజున రాజుగారి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఇంత రాజ్యం నాకు దక్కకుండా చేసిందెవరు?"

"ఇంకెవరు ప్రభూ? ఆ రేవు పడవలవాళ్లు" అన్నాడు అవధాని.

"అయితే రేపు ఈ చరిత్రకు పట్టం కట్టి, ఆ రేవులోని నలభై గడపల వాళ్లనూ పొలిమేర దాటించండి. పడవలు తగలబెట్టండి!"

సింహాసనం వెనక వింజామర వీస్తున్న చెంచమ్మ చెయ్యి ఆగిపోయింది. రేవు పెద్ద ఓబన్న ఆమెకు తోడబుట్టిన తమ్ముడు.

చెంచమ్మ ముప్ఫై ఏళ్లుగా అక్కడే నిలబడుతోంది. ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. సింహాసనానికి ఆరు మెట్లు. వంశావళి చదువుతుంటే, ఒక్కొక్క పూర్వీకుడి పేరుకీ రాజు ఒక్కొక్క మెట్టు ఎక్కాలి. పేరు పడందే పాదం పెట్టకూడదు. రోజూ చదివేదే గనక ఎవరూ వినరు. చెంచమ్మ ఒక్కతే వినేది.

"బాబూ, నాదొక్క మనవి" అంది. రాజుగారిని పసితనం నుంచీ చూసిన మనిషి, ఆ చనువుంది. "రేపు కొత్త చరిత్రకు పట్టం కడుతూ, మెట్ల దగ్గర మాత్రం ఆ ఓడిపోయిన పాత వంశావళే చదివితే ఏం బాగుంటుంది? గెలిచినదే చదివించండి."

అవధాని పొంగిపోయాడు. "భేష్! విసిరే చేతికి కూడా బుద్ధుంది. నేనే చదువుతాను!"

తెల్లవారింది. పడవలవాళ్లను చేతులు కట్టి కొలువు ముందు నిలబెట్టారు. ఓబన్న అక్క వంక చూశాడు. అక్క మనసులోనే స్వామికి దండం పెట్టుకుని రాజుగారి పాదాల వంకే చూస్తోంది.

అవధాని గొంతెత్తాడు. నాలుగు పేర్లు, నాలుగు మెట్లు. "ఏనుగులతో చింతలేరు దాటి, కనకగిరి రత్నాంగీదేవిని చేపట్టిన వీరభూపతి!" అయిదో మెట్టు. రాజుగారు దర్జాగా కుడికాలు ఎత్తారు.

"ఆ వీరభూపతికి రత్నాంగీదేవి కడుపున పుట్టిన..."

అంతే. అవధాని చేతిలోని తాటాకు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు.

"ఊఁ, చదవండి. కాలు గాల్లో ఉంది."

"ప్రభూ... అదీ..."

"మా నాన్నగారి పేరే మరిచిపోయారా?"

"మరవలేదు బాబూ, చదవలేకపోతున్నారు" అంది చెంచమ్మ. "మీ నాన్నగారు బోడిగుట్ట సిద్ధమ్మగారి కొడుకు. ఓడిపోయి గాయాలపాలైన మీ తాతగారు చిన్న పడవలో ఏటి వాలున పోయి బోడిగుట్ట కోటలో తలదాచుకున్నారు. అక్కడ గాయాలకు కట్టుకట్టిన ఆ సిద్ధమ్మగారినే పెళ్లాడారు. ఆ పడవ నడిపింది మా తాత. గెలిచిన తాతగారికి ఆ గుట్టతో పనేముంది?"

రాజుగారు ఒంటికాలి మీదే ఆమె వైపు తిరిగారు. "అయితే ఈ చరిత్రలో నేనెక్కడున్నాను?"

"సింహళం దాకా వెతికాను బాబూ. అన్నీ ఉన్నాయి, మీరే లేరు!"

రాజుగారు గాల్లో ఉన్న తన కాలు చూసుకున్నారు, కట్లతో ఉన్న ఓబన్నను చూశారు. ముందు ఆయన మీసం కదిలింది, ఆపైన భుజాలు కదిలాయి. ఫక్కున నవ్వి అయిదో మెట్టు మీదే కూలబడ్డారు.

"ముందు వాళ్ల కట్లు విప్పండి! పాతదే చదవండయ్యా, నన్ను పుట్టనివ్వండి!"

పాత వంశావళిలో "ఓడి" అన్న మాట రాగానే కొలువంతా జేజేలు కొట్టింది. రాజుగారు ఆరో మెట్టెక్కి కూర్చుని, రేవును శాశ్వతంగా ఓబన్న వాళ్లకు రాసిచ్చారు. చెంచమ్మకు బంగారు పిడి ఉన్న వింజామర ఇచ్చారు.

"మరి అవధానిగారికో ప్రభూ?" అన్నాడు సేనాపతి.

"సింహళం ఇచ్చేశాం. ఈరోజే బయలుదేరి ఏలుకోమనండి!"

గోడలు అదిరేలా అందరూ నవ్వారు. మంత్రిగారు ఒక్కరే కాస్త మొహం ముడుచుకున్నారు.