ఊరగాయ జాడీ ఎవరు పగలగొట్టారు?

దస్తగిరికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. కారణం హుస్సేన్‌పీరా.

పెన్న ఒడ్డున గఫార్‌షా అనే సూఫీ గురువు అనాథ పిల్లలకు ఓ ఇల్లు నడుపుతుండేవాడు. ముసలితనం మీదపడి కాళ్లు సరిగ్గా ఆడకపోయేసరికి, ఇకమీదట పిల్లల మంచీ చెడ్డా పీరా చూసుకుంటాడని శిష్యులందరి ముందూ చెప్పేశాడు. పీరా నిన్నగాక మొన్న వచ్చినవాడు. దస్తగిరేమో మీసాలు రాకముందు నుంచీ అక్కడే పడి ఉన్నవాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే కాబోలు అనుకుని కుమిలిపోయాడు.

అసలు పీరాకు ఏం వచ్చని? వాడు వండితే అన్నం ఓ పూట ముద్ద, ఓ పూట మాడు. పిల్లలు భుజాలెక్కి అరుస్తున్నా మందలించడం చేతకాదు. అదే దస్తగిరి వాకిట్లో గొంతు సవరించుకుంటే చాలు, గోల టక్కున ఆగిపోతుంది. పిల్లల కోసం ఊరూరా తిరిగి బియ్యం అడిగి తెచ్చేదీ, వానకు కూలిన గోడ మళ్లీ లేపిందీ అతనే. ఇంత చేసినా, కాలికి ముల్లు గుచ్చుకుంటే పిల్లలు పరిగెత్తేది మాత్రం పీరా దగ్గరికి. అది చూసినప్పుడల్లా దస్తగిరికి కడుపులో కారం పోసినట్టుండేది. వాడికి జ్వరమొచ్చి మంచాన పడితే బాగుండు అని కూడా అనిపించేది, నిజం చెప్పొద్దూ!

ఇక ఉండబట్టలేక ఒకనాడు నమాజు అయ్యాక గురువునే అడిగేశాడు.

"హజ్రత్, వానిలో ఉండేదేంది, నాలో లేనిదేంది?"

గఫార్‌షా తస్బీ పూసలు తిప్పుతూ విన్నాడు. కోప్పడలేదు, బుజ్జగించలేదు. పోయి పని చూసుకోమన్నాడు.

మర్నాడు పొద్దున చూస్తే వంటింట్లో ఊరగాయ జాడీ ముక్కలై పడి ఉంది. ఏడాదికని పెట్టుకున్న మామిడికాయ నూనెతో సహా నేలపాలు. అన్నాల వేళకు గురువు దస్తగిరిని పిలిపించి, ఇది ఎవరి పనో కనుక్కు రమ్మన్నాడు.

దస్తగిరికి ప్రాణం లేచొచ్చింది. పీరా గారాబంతో పిల్లలు ఎంత చెడిపోయారో హజ్రత్‌కు చూపించడానికి ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా? పిల్లలందరినీ వసారాలో వరసగా నిలబెట్టాడు. చేసినవాళ్లు ఒప్పుకునేదాకా ఒక్కరికీ మెతుకు లేదన్నాడు. పీరా ఏదో చెప్పబోతే, హజ్రత్ ఈ పని నాకు అప్పజెప్పాడని అతని నోరు మూయించాడు.

లోపల నుంచి పప్పు తాలింపు వాసన వస్తోంది. ఎవరూ కదల్లేదు. కాసేపటికి చివర్లో నిలబడ్డ చిన్నపిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. అప్పుడు మాబున్ని అనే ఏడెనిమిదేళ్ల పిల్ల తలొంచుకుని ముందుకొచ్చింది.

"నేనే" అంది.

దస్తగిరి ఆ పిల్ల రెక్క పట్టుకుని, కావాలనే పీరా ఎదురుగా నడిపించుకుంటూ గురువు గదిలోకి తీసుకుపోయాడు. అడిగేవాళ్లు అడిగితే పిల్లలు చెప్పకేం చేస్తారు హజ్రత్, అని కాస్త గర్వంగానే అన్నాడు.

గురువు పిల్లను దగ్గరికి తీసుకుని, జాడీ ఎట్లా పగిలిందో చెప్పమన్నాడు. మాబున్ని అటూ ఇటూ చూసింది. ఎంతసేపటికీ చెప్పలేకపోయింది.

"మరి నువ్వే అని ఎందుకు చెప్పినావమ్మా?"

"చిన్నోళ్లకు ఆకలైతాంది తాతా."

గఫార్‌షా తలెత్తి శిష్యుడి వైపు చూశాడు.

"పగలగొట్టింది నేను."

దస్తగిరి ఒకడుగు వెనక్కి వేశాడు.

"పొద్దున పీరానూ ఇదే అడిగినా" అన్నాడు గురువు. "వాడు ఏ పిల్లనూ పిలవలేదు. 'మన పిల్లలు కాదు హజ్రత్. వాళ్లయితే ఈపాటికే నా దగ్గరికొచ్చి చెప్పిండేవాళ్లు' అన్యాడు."

మాబున్ని బెదురుగా దస్తగిరి మొహంలోకి చూసింది.

"ఇంగ చిన్నోళ్లు తినొచ్చా?"

తినొచ్చని తల ఊపి దస్తగిరి బయటికొచ్చాడు. పీరా అప్పటికే అన్నం గంప ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. దస్తగిరి అతని కళ్లలోకి చూడలేకపోయాడు. మూలనున్న నీళ్ల బిందె అందుకుని, అతను వడ్డించుకుంటూ పోతుంటే వెనకాలే నడిచాడు.

పంక్తిలో మొదట కూర్చున్న పిల్లవాడు దస్తగిరి నీళ్లు పోయడానికి వంగగానే ఉలిక్కిపడి గ్లాసు వెనక్కి లాక్కున్నాడు. దస్తగిరి బిందె పక్కన పెట్టుకుని వాడి ముందు నేల మీద చతికిలబడ్డాడు. వాడు తనంతట తాను గ్లాసు ముందుకు జరిపేదాకా అక్కడి నుంచి లేవలేదు.