మూడు గీతల పంజరం

అనగనగా ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ కత్తి తిప్పితే గాలి రెండుగా తెగేది. మూడోవాడు వసంతకేతు మాత్రం పారశీకం నుంచి వచ్చిన ఉస్తాదు దగ్గర కూర్చుని, రెల్లుకలంతో ఏడాది పొడవునా ఒకే ఒక్క నిలువుగీత రాశాడు. అది వాళ్ల మొదటి అక్షరం, అలిఫ్. వంకరపోతే నాలుకతో తుడిచి మళ్లీ రాసేవాడు. దీపపు మసి, బంక కలిపిన సిరా కదా, తడి తగిలితే ఇట్టే పోతుంది.

"ఏదిరా, నాలుక చూపించు! కాకే నయం," అని అన్నలు ఏడిపించేవారు.

ఒకనాడు కబురొచ్చింది. తనతో పెళ్లికి ఒప్పుకోలేదని పారశీక రాజకుమారి గుల్‌రుఖ్‌ని ఒక మాంత్రికుడు తన పుస్తకంలో బొమ్మగా మార్చేశాడట. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. తల్లికి అన్నం సహించడం లేదు.

"అన్నల్ని తీసుకొస్తానమ్మా," అని మూడోవాడు ఏడు సముద్రాలు దాటాడు.

మాంత్రికుడి తోటలో బోడితోక ఉడుత ఒకటి ఏడుస్తోంది. కుంచెల కోసం దాని తోక వెంట్రుకలన్నీ పీకేశారు పాపం. వసంతకేతు దానికి ఖర్జూరం పెట్టాడు.

"వాడి ప్రాణం పుస్తకంలోని బంగారుచిలుకలో ఉంది బాబూ," అంది ఉడుత. "మీ అన్నలు దాన్ని పొడవబోయి బొమ్మలైపోయారు. చంపకూడదు, వదిలెయ్యాలి. అది పంజరంలో ఉన్నన్నాళ్లే వాడు బతికేది. కోటలో చుక్క నీరుండనివ్వడు."

"నీళ్లంటే భయమెందుకు?"

"నాకేం తెలుసు? పీకించుకోవడమే నా వంతు!"

వసంతకేతు కోటలోకి దూరి, మాంత్రికుడి పుస్తకం తెరిచాడు. పుటంతా బంగారుపొడి, అంచులనిండా నీలిపూలు. పూలమధ్య గుల్‌రుఖ్. ఆమె పక్కన బొటనవేలంత అన్నలు, కత్తులెత్తినవాళ్లు ఎత్తినట్టే ఉన్నారు. నడుమ చిలుక. దాని పంజరానికి ఊచలు మూడు, నిట్టనిలువు అలిఫ్‌లు! రాజకుమారుడికి నవ్వొచ్చింది. నాలుకతో తుడిచాడు, ఒకటి పోయింది. మళ్లీ తుడిచాడు, రెండోది పోయింది.

"ఆగు!" గుమ్మంలో మాంత్రికుడు.

భయంతో వసంతకేతు నోరు పిడచకట్టుకుపోయింది. నాలుక మీద తడి లేదు. బొమ్మలోని పెద్దన్న ముఖం చూశాడు. ఇక అమ్మకేం చెప్పను అనుకుంటే దుఃఖం ఆగలేదు. కన్నీటిచుక్క జారి మూడో అలిఫ్ మీద పడింది.

చిలుక కిటికీలోంచి ఎగిరిపోయింది. మాంత్రికుడు గుప్పెడు మసై రాలాడు. గుల్‌రుఖ్, అన్నలు నిద్రలేచినట్టు కళ్లు నులుముకుంటూ పుటలోంచి దిగివచ్చారు.

గుల్‌రుఖ్ కోరి వసంతకేతును పెళ్లాడింది. పెళ్లిపందిట్లో పెద్దన్న కలం పట్టి ఒక అలిఫ్ రాశాడు, వంకరపోయింది. నాకి తుడిచి, నల్లనాలుక తల్లికి చూపించాడు. ఆమె నవ్వి నవ్వి, ఆ పూట కడుపునిండా భోంచేసింది.

కొత్త దంపతులు పారశీకాన్ని నూరేళ్లు చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో ప్రతి పుస్తకంలోనూ చిలుకలుండేవి. పంజరం మాత్రం ఎవరూ గీయలేదు.