రాజుగారి మధ్య మంత్రం

ఒకానొక రాజ్యంలో, గోదావరి ఇంకా పిల్లకాలువగా పాకుతున్న రోజుల్లో, ఉద్దండవర్మ అనే రాజుండేవాడు. ఆయన పూజలో గంట కొడితే పొరుగు రాజ్యంలో ఆవులు పలుపుతాళ్లు తెంపుకునేవి. అంతటి భక్తుడు.

ఒకనాడు రాజు తన కొడుక్కి గురువైన సోమయాజిని పిలిచి, "రేపు సభలో యువరాజు ఆచమనం చేసి చూపాలి. తప్పు చదివితే మీరు రాజ్యం వదలాలి" అన్నాడు.

ముసలి సోమయాజి ఆస్థాన విదూషకుడు తిప్పన ఇంటికి పరుగెత్తాడు. "నాయనా, పిల్లవాడు ఎంత చెప్పినా ఒక్క తప్పు మానడు. ఈ వయసులో నేనెక్కడికి పోను?"

ఆ తప్పేమిటో విని తిప్పన నవ్విన నవ్వుకు ఇంటి పెంకులు జారాయి. "రేపు మీరు నోరు విప్పకండి స్వామీ" అన్నాడు.

మర్నాడు సభలో తిప్పన లేచాడు. "ప్రభూ, శిక్ష గురువుగారికా, తప్పు నేర్పినవాడికా?"

"నేర్పినవాడెవడైనా సరే, పోవలసిందే. మా మాటకు తిరుగులేదు."

ఆరేళ్ల యువరాజు బాసింపట్టు వేసుకుని, భక్తిగా కళ్లు మూసుకుని అరచేతిలో నీళ్లు పోసుకున్నాడు.

"కేశవాయ స్వాహా. దీపంలో నూనె ఎవడు పోస్తాడురా, నీ తాతా? నారాయణాయ స్వాహా. పులిహోర ఇంకా రాలేదేం, ఆ వంటవాణ్ణి తన్నండి. మాధవాయ స్వాహా."

సభలో తలపాగాలన్నీ ఒక్కసారిగా యువరాజు వైపు తిరిగాయి.

"ఎవరు నేర్పార్రా ఇది?" అన్నాడు రాజు.

"మీరే నాన్నగారూ. రోజూ ఇలాగే కదా చదువుతారు. గురువుగారికే మధ్య మంత్రాలు రావు."

తిప్పన వినయంగా చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, మూటాముల్లె సర్దించమంటారా?"

రాజు ముఖం కందగడ్డయింది. మరుక్షణం ఆయన నవ్విన నవ్వుకు బురుజు మీది పావురాలు లేచి మూడు రోజులు దిగలేదు. నవ్వి నవ్వి చివరికి కళ్లు తుడుచుకున్నాడు.

"పోవలసింది నా మధ్య మంత్రాలే. మా అమ్మ నాకు మంత్రమే చెప్పలేదయ్యా. మొదటి ముద్ద పక్కన పెట్టి, 'ఈ అన్నం పండించినవాళ్లు చల్లగా ఉండాలి' అనుకునేది. పక్కన కూర్చుని నేనూ అనేవాణ్ణి. ఎప్పుడు మానేశానో."

"మళ్లీ అనండి ప్రభూ, పిల్లవాడికి వినబడేలా. వేరే నేర్పక్కర్లేదు."

మర్నాడు సోమయాజీ తిప్పనా కూడా కూర్చున్న పూజలో దీపం కొడిగట్టింది. రాజు తానే లేచి నూనె పోసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. యువరాజు ఒక కన్ను తెరిచాడు.

"నాన్నగారూ, మధ్య మంత్రం మరిచిపోయారు."

రాజు పకపకా నవ్వాడు. సోమయాజికి శాలువా కప్పి పాదాలకు నమస్కరించాడు. తన మెడలోని హారం తీసి తిప్పన మెడలో వేశాడు.

"నేర్పినందుకు ఆయనకు, మరిపించినందుకు నీకు."