ముళ్ళు లేని చోట కుట్టిన దోమ

అనగనగా ఒక అడవిలో, రాళ్ళగుట్ట పక్కన, నీలవ్వ అనే ముళ్ళపంది ఉండేది. మొగుడి పేరు గంగులు. ఇద్దరికీ ఒక్కగానొక్క కూతురు చిలకి.

ముళ్ళపందులకు ఒక అలవాటుంది, మీకు తెలుసా? అడవిలో దొరికిన ఎముకలు, కొమ్ములు, చిప్పలు ఏరుకొచ్చి వాకిట్లో పోగేస్తాయి. పళ్ళు నూరుకోవడానికట. అసలు సంగతి గొప్ప చూపించుకోవడం! ఎవరి పోగు పెద్దదైతే వాళ్ళది పెద్దిల్లు. నీలవ్వ వాకిట్లో అడవిదున్న పుర్రె ఉంది, అత్తగారిచ్చిన తాబేటి డిప్ప ఉంది. అందుకే ఆవిడ కాస్త మెడ ఎత్తి నడిచేది.

వానాకాలం వచ్చింది. నెల తిరిగేసరికి చిలకికి జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

"అమ్మా, కళ్ళ వెనకాల నొప్పే. కీళ్ళన్నీ నొప్పే," అని ఏడ్చింది.

నీలవ్వ కొండముచ్చు వైద్యురాలిని పిలుచుకొచ్చింది. వైద్యురాలు చిలకిని వెల్లకిలా పడుకోబెట్టి చూసింది.

"ఇది దోమ తెచ్చిన జ్వరం అమ్మాయ్. డెంగీ," అంది.

నీలవ్వకు నవ్వొచ్చింది. "దోమా? మమ్మల్నా? మా ఒళ్ళంతా ముళ్ళేనమ్మా! మా తాతల నాటి నుంచీ మేం దోమకు భయపడింది లేదు."

"పొట్ట మీద ఉన్నాయా ముళ్ళు? చెవుల మీద ఉన్నాయా?" అని అడిగింది వైద్యురాలు.

నీలవ్వ చిలకి మెత్తని పొట్ట వైపు చూసింది.

"కాళ్ళ మీద తెల్ల చారలుండే దోమ అది. పగటిపూటే కుడుతుంది. పిల్లకి నీళ్ళు, గంజి బాగా తాగించు. నన్నడగకుండా ఏ వేరూ నూరి పోయకు. ఇంకో మాట విను. జ్వరం దిగాక అయిపోయిందనుకోకు. అప్పుడే కళ్ళల్లో వత్తులు వేసుకుని చూడాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, వీటిలో ఏ ఒక్కటి కనబడ్డా వెంటనే నా దగ్గరకి ఎత్తుకురా."

వైద్యురాలు వెళ్ళగానే నీలవ్వకు కోపం ముంచుకొచ్చింది. ఆ దోమ ఎక్కడిది? ఇంకెక్కడిది, పక్కనే ఉన్న అడవిపంది బురదగుంటదే! చిలకిని మొగుడికి అప్పజెప్పి, అరుచుకుంటూ చరచరా వెళ్ళింది.

గుంట గట్టున కప్ప కూర్చుని ఉంది. "అరవకు వదినా," అంది కప్ప. "ఇక్కడి దోమలే నాకు మూడు పూటలా భోజనం. అన్నిటినీ ఎరుగుదును. చారల కాళ్ళదానికి మురికి గిట్టదు. తేటనీళ్ళు వెతుక్కుంటుంది."

తేటనీళ్ళా! ఇదెక్కడి చోద్యం? నీలవ్వ వాగు దగ్గరకి పోయింది. చేపపిల్ల తల పైకెత్తింది.

"పారే నీళ్ళల్లో గుడ్లు నిలుస్తాయా పెద్దమ్మా? నిలిచినా మేం ఊరుకుంటామా? కదలని నీళ్ళు ఎక్కడున్నాయో చూసుకో," అంది.

తేటగా ఉండాలి. కదలకూడదు. నీలవ్వ ఆలోచిస్తూ ఇంటికొచ్చింది. వాకిట్లో తాబేటి డిప్ప నిండా వాననీళ్ళు, ముఖం కనబడేంత తేటగా ఉన్నాయి. వంగి చూసింది. నీళ్ళల్లో నలకల్లాంటి పురుగులు వంకర్లు తిరుగుతూ పైకీ కిందకీ ఆడుతున్నాయి. ఒక పొట్టు తేలి ఉంది. దాని మీద అప్పుడే పుట్టిన దోమ కాళ్ళు ఆరబెట్టుకుంటోంది. కాళ్ళ మీద తెల్ల చారలు!

"అయ్యో, శత్రువుని నేనే పెంచానే!" అని నీలవ్వ నెత్తి కొట్టుకుని, డిప్పలో నీళ్ళు పారబోసి కూతురి దగ్గరకి పరుగెత్తింది.

జ్వరం వచ్చిన నాలుగో రోజు పొద్దున చిలకి ఒళ్ళు చల్లబడింది. గంగులు మురిసిపోయాడు.

"గండం గడిచిందే! దుంపలు తవ్వుకొస్తా, పండగ చేసుకుందాం," అన్నాడు.

"ఆగవయ్యా. వైద్యురాలమ్మ ఇప్పుడే చూడమంది," అని నీలవ్వ కూతురి పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నానికి చిలకి కడుపు పట్టుకుంది. రెండుసార్లు కక్కుకుంది. పిలిస్తే బరువుగా కళ్ళు తెరిచి మళ్ళీ మూసింది.

"జ్వరం లేదు కదే, నీరసంలే," అన్నాడు గంగులు.

"కాదు! పద!" అంది నీలవ్వ. ఇద్దరూ పిల్లని మోసుకుంటూ పరుగెత్తారు.

"పొద్దుగూకేదాకా ఆగి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు," అంది వైద్యురాలు. మూడు రోజులు తన దగ్గరే ఉంచుకుని కాచింది. నాలుగో రోజు చిలకి లేచి కూర్చుని, "ఆకలమ్మా," అంది. ఆ మాటకి గంగులు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికి రాగానే నీలవ్వ, మళ్ళీ వాననీళ్ళు నిండిన పుర్రె, డిప్ప, కొమ్ములు అన్నీ ఒంపేసింది. దోమ గుడ్లు లోపలి అంచులకు అంటుకుని ఉంటాయని వైద్యురాలు వచ్చేటప్పుడు చెప్పింది, అందుకని ఇసకతో రుద్ది రుద్ది కడిగింది. అన్నిటినీ బోర్లించింది. ఇరుగుపొరుగు ముళ్ళపందులు చేరాయి.

"ఇదేం చోద్యమమ్మా! అత్తగారి డిప్పని బోర్లిస్తావా? పెద్దిల్లు పరువేం కావాలి?" అని బుగ్గలు నొక్కుకున్నాయి.

నీలవ్వ చెయ్యి ఆపలేదు.

"డిప్ప పోతే అడవంతా తిరిగి ఇంకోటి ఏరుకొస్తాను. చిలకి పోతే ఎక్కడికెళ్ళి ఏరుకురాను?" అంది.

చేరిన ముళ్ళపందులకు తమ వాకిట్లోని పుర్రెలు, చిప్పలు గుర్తొచ్చాయి. ఒక్కొక్కటే వెనక్కి తిరిగి, తమ తమ వాకిళ్ళకేసి గబగబా నడిచాయి.

నీతి: బిడ్డకు జబ్బు చేస్తే పక్కింటి గుంటను తిట్టే ముందు మన వాకిట్లో నిలిచిన నీళ్ళు చూసుకోవాలి, జ్వరం దిగిందని కన్ను తిప్పుకోకూడదు.