కూర్చుంటే కూర్చోనీ

నాంచారయ్యకు కోపం వస్తే ఈల ఊదుతాడు. పార్కులో యంత్రాలు వచ్చిన మొదటి నెల్లాళ్లలో అతను ఊదినంతగా బందరులో ఏ పోలీసూ ఊది ఉండడు.

కోపానికి కారణం లేకపోలేదు. రెండేళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, అరవై దాటినవాళ్ల కోసమని పార్కులో ఎనిమిది కసరత్తు యంత్రాలు పెట్టించాడు. పెట్టించినవాడు కనక నేర్పే పనీ తనదే అనుకున్నాడు. మౌలాలి ఉస్తాదు వ్యాయామశాలలో పన్నెండో ఏట నుంచి కుస్తీ నేర్చినవాడు, జిల్లా పోటీల్లో మూడుసార్లు గెలిచినవాడు. ముసలివాళ్లకు కాళ్లూ చేతులూ ఆడించడం నేర్పలేడా?

తీరా చూస్తే ఆ యంత్రాల మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. సైకిలు లాంటి దాని సీటెక్కి తిరపతమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నలభై ఏళ్లు చేపలమ్మి మానేసిన మనిషి, డెబ్బై రెండేళ్లు. పక్క సీటులో చలపతి గారు పేపరు చదువుతున్నారు. కవరింగ్ నగల పని చేసి చేసి కళ్లూ వేళ్లూ అరిగిపోయిన పెద్దాయన. వాళ్ల చుట్టూ మరో పదిమంది. పార్కు బెంచీలు మరీ కిందికి ఉంటాయి, కూర్చుంటే లేవలేరు. ఈ సీట్లు ఎత్తుగా ఉన్నాయి, పైన నీడ కూడా ఉంది. కబుర్లకు ఇంతకంటే మంచి చోటు లేదని వాళ్లు తేల్చుకున్నారు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాంచారయ్య మోకాళ్ల గురించి అరగంట చెప్పాడు, గుండె గురించి అరగంట చెప్పాడు. ఆ తర్వాత కడ్డీ పట్టుకుని ఇరవైసార్లు పైకి లేచి చూపించాడు. ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు. కొట్టి, మళ్లీ కూర్చున్నారు.

దాంతో ఒళ్లు మండి యంత్రాల చుట్టూ తాడు కట్టేశాడు. 'కసరత్తు చేసేవారికి మాత్రమే' అని బోర్డు కూడా పెట్టాడు. మర్నాటి నుంచి యంత్రాల దగ్గర పిట్ట కూడా వాలలేదు. వారం తిరిగేసరికి పార్కులు చూసే ఇంజనీరు వచ్చి, వాడేవాళ్లు లేనప్పుడు ఇవి ఇక్కడెందుకు, ఇంకో నెల చూసి పక్క వార్డుకు మార్చేస్తామని చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రం నాంచారయ్య ఉస్తాదు దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాడు. వాళ్లకు ఒళ్లు వంగదన్నాడు, చెప్తే వినరన్నాడు, ఊళ్లో తన పరువు పోయేలా ఉందన్నాడు. ఉస్తాదుకు అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్లు. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఇప్పుడు ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరూ రావడం లేదు ఉస్తాద్."

"సరే. రేపు పొద్దున నేనొస్తాను."

పొద్దున్నే చేతికర్ర పట్టుకుని వచ్చాడు. తిరపతమ్మ బృందం పార్కు గోడవతల అరుగు మీద ఇరుక్కుని కూర్చుని ఉంది. ఇప్పుడు వీళ్లకు గట్టిగా పడుతుందని నాంచారయ్య ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

ఉస్తాదు తాడు ముళ్లు ఒక్కొక్కటే విప్పి, చుట్ట చుట్టి, శిష్యుడి చేతిలో పెట్టాడు. బోర్డు పీకి, రాతలు కనపడకుండా గోడకు ఆనించాడు. ఆ పైన నిదానంగా సైకిలు సీటెక్కి కూర్చున్నాడు.

"తిరపతమ్మా, ఇట్రా. చేప తాజాదో కాదో ఎట్లా చూస్తారో చెప్పు. ఇన్నేళ్లు తిన్నాను గానీ నాకు ఇప్పటికీ తెలీదు."

తిరపతమ్మ నాంచారయ్య వంక చూసింది. "ఆ అబ్బాయి అరుస్తాడండీ."

"అరిస్తే నా మీద అరుస్తాడులే. కూర్చో."

ఆమె పక్క సీటెక్కింది. మొప్పల రంగుతో మొదలుపెట్టింది, కళ్ల నిగనిగ గురించి చెప్పింది, అక్కణ్ణించి బజారులో పాత తగువుల్లోకి దిగింది. ఉస్తాదు వింటున్నాడు. వింటూ ఉంటే ఆయన కాళ్లు వాటంతటవే పెడళ్లు తిప్పుతున్నాయి, కాలవ గట్టున కూర్చున్నవాడు నీళ్లలో కాళ్లాడించినట్టు. తగువు మంచి పట్టులోకి వచ్చేసరికి తిరపతమ్మ కాళ్లూ తిరగడం మొదలుపెట్టాయి. ఆ సంగతి ఆమెకే తెలియదు.

నాంచారయ్యకు తెలిసింది. సంతోషం పట్టలేక, ఇంకో ఇరవై చుట్లు వేయిద్దామని ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఉస్తాదు ఒక్క చూపు చూశాడు. ఈల జేబులోకి వెళ్లిపోయింది.

ఉస్తాదు వెళ్లేటప్పుడు నాంచారయ్య ఇక ఆగలేక అడిగాడు. "కానీ ఉస్తాద్, వాళ్లు వచ్చేది కబుర్లకే కదా?"

"కూర్చుంటే కూర్చోనీ. కూర్చున్నవాణ్ణయితే లేపొచ్చు. రానివాణ్ణి ఎట్లా లేపుతావు?"

మర్నాటి నుంచి నాంచారయ్య ఈల ఇంట్లోనే వదిలి వచ్చేవాడు. పొద్దున్నే యంత్రాలకు నూనె రాసి, వాళ్ల మధ్యనే కూర్చునేవాడు. వెయ్యి బస్కీలు తీయడం తేలిక గానీ, తెలిసిన మాట చెప్పకుండా ఉండటం అతనికి మహా కష్టమైంది. తిరపతమ్మ నడుం వంచి తొక్కుతుంటే నాలుక దురద పెట్టేది. ఒకరోజు ఉపాయం తట్టింది. పక్క సీటెక్కి, ఆమెకంటే ఘోరంగా నడుం వంచి తొక్కాడు.

"నడుం నిలబెట్టవయ్యా, కుర్రాడివి," అని తిరపతమ్మ గదమాయించింది. గదమాయించి, తన నడుమూ నిలబెట్టుకుంది.

అలా నెల గడిచింది. చలపతి గారు పేపరు మడిచి జేబులో పెట్టుకుని, చేతులతో తిప్పే పెద్ద చక్రం పట్టారు. తిరపతమ్మ ఒకరోజు ఇంట్లో తలుపుచెక్క పట్టుకోకుండా చాప మీద నుంచి లేచింది. ఆ కబురు వీధి వీధంతా తనే చెప్పుకొచ్చింది. ఆ మాట విన్న రోజు నాంచారయ్య జిల్లా పోటీ గెలిచినప్పటి కంటే ఎక్కువ పొంగిపోయాడు.

గడువు రోజు ఇంజనీరు వచ్చాడు. ఉస్తాదు కూడా వచ్చి శిష్యుడి వెనక నిలబడ్డాడు. ఎనిమిది యంత్రాల మీదా మనుషులున్నారు, వంతు కోసం మరో నలుగురు నిలబడి ఉన్నారు. ఇంజనీరు కాసేపు అలాగే చూసి, యంత్రాలు ఇక్కడే ఉంటాయని చెప్పాడు. ఆ తర్వాత తిరపతమ్మ దగ్గరికి వెళ్లి, ఇవన్నీ ఎవరు నేర్పారమ్మా అని అడిగాడు.

తిరపతమ్మ కాళ్లు ఆపలేదు. చుబుకం పైకెత్తింది.

"ఒకరు నేర్పడమేంటి బాబూ. మేమే నేర్చుకున్నాం."

చలపతి గారు అవునన్నట్టు తలూపారు. మిగతావాళ్లూ ఊపారు. వాళ్ల మొహాల్లో అంత దర్జా ఆ పార్కులో ఎవరూ చూసి ఉండరు.

నాంచారయ్యకు చురుక్కుమంది. తిరిగిన రెండేళ్లూ, నోరు కట్టుకున్న నెలా గుర్తొచ్చాయి. చెప్పబోయాడు.

భుజం మీద ఒక చెయ్యి పడింది. కుస్తీ గోదాలో గెలిచి బయటికి వచ్చినవాడి మీద తప్ప మౌలాలి ఉస్తాదు ఆ చెయ్యి వెయ్యడు.

"ఊరుకో ఉస్తాదూ," అన్నాడు ఆయన మెల్లిగా.

ఆయన నోట ఆ పిలుపు అందుకున్నవాడు అంతవరకు ఎవడూ లేడు. నాంచారయ్య ఊరుకున్నాడు.