తువ్వాలు కింది చెయ్యి

పొద్దు పొడిచింది. మంచు మాత్రం కదల్లేదు. ఎద్దు కొమ్ములు కనబడుతున్నాయి గానీ ఎద్దు కనబడటం లేదు.

అనగనగా అంటే ఎప్పుడని అడగకండి పిల్లలూ. నేలలో పసుపు పండటం మొదలైన నాటి కథ ఇది. ఒక ఏరు ఉండేది. ఆ ఏటి ఒడ్డున పసుపుమడి అని ఒక ఊరు. ఆ దేశానికి రాజు ఉన్నాడట, ఎవరూ చూడలేదు. పసుపుమడి చుట్టుపక్కల ఊళ్ళకి రాజైనా, మంత్రైనా సంతే. సంత బాగుంటే పెళ్ళిళ్ళు అయ్యేవి. సంత బాగోకపోతే మరుసటి ఏడాదికి వాయిదా పడేవి.

ఆ సంతకి ఒక ఆచారం. ధర నోటితో చెప్పకూడదు. కొనే శెట్టీ, అమ్మే రైతూ ఎదురెదురుగా కూచునేవారు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పేవారు. ఆ తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవారు. ఒక్కో వేలికీ ఒక్కో లెక్క. బేరం తెగేదాకా చెయ్యి తియ్యకూడదు. నోరు మెదపకూడదు. పక్కవాళ్ళు పలకరించకూడదు. పలకరించి బేరం చెడగొట్టిన వాళ్ళ సరుకు ఆ ఏడాది ఎవరూ ముట్టరు.

తొలి బేరం ఎప్పుడూ పెద్దశెట్టి పానకాల శెట్టిదే. ఆ ధరే ఆ రోజుకి అందరి ధర. మరి తువ్వాలు కింద ఏం జరిగిందో జనానికి తెలిసేదెట్లా?

శెట్టి ముఖం చూసి!

ఆయన కనుబొమ ఎగిరితే ధర ఎగిరిందనేవారు. మూతి వంకరపోతే ధర పడిందనేవారు. ఒకసారి ఆయన తుమ్మాడు. దానికి ఏమనుకోవాలో తేలక మధ్యాహ్నం దాకా ఎవరూ మూట విప్పలేదు.

ఆ మంచులోనే ఆదెమ్మ కుటుంబం సంతకి వచ్చింది. ఆదెమ్మ, మొగుడు చలమయ్య, కొడుకు బసవడు, కూతురు నాంచారు, మచ్చల ఎద్దు. ఏడాది పొడుగునా పండించి, తవ్వి, ఉడకేసి, ఆరబెట్టిన పసుపు బండి మీద ఉంది. ఉన్నదంతా అదే.

పానకాల శెట్టి కూచున్నాడు. ఎదురుగా రైతు గంగులు కూచున్నాడు. గంగులంటే మాటకారి కాదు, పట్టుదల మనిషి. నాగలి మేడి పట్టి పట్టి ఆ చెయ్యి ఇనుమైపోయింది. తువ్వాలు పడింది. సంతంతా ఊపిరి బిగబట్టింది.

శెట్టి మూతి వంకరపోయింది.

సంత పాక చూరు మీద ఒక గోరువంక ఉంది. సంత కబుర్లన్నీ దాని నోటనే ఊళ్ళకి పోయేవి.

"పడింది! పడింది!" అని అరిచింది.

"ఏం పడిందే?" అంది ఆదెమ్మ.

"ధర!"

"ఎవరు చెప్పారు?"

"ముఖం చెప్పింది!"

చలమయ్య అప్పటికే మూటలు ఎద్దు మీదికి ఎత్తుతున్నాడు. "ఆదీ, ఇక్కడ కూచుంటే మట్టి కొట్టుకుపోతాం. ఏటి అవతల రాళ్ళరేవు సంత ఉంది. ఇక్కడి సంగతి అక్కడ పొక్కేలోగా అమ్మేసి వస్తా."

"ఎంత పడిందో తెలుసుకుని వెళ్ళరాదా?"

"భలేదానివే! తెలిసేదాకా ఆగితే అందరికీ తెలిసిపోదూ!"

ఆ మాటలో ఏదో తప్పుంది. ఏం తప్పో ఆదెమ్మకి అందలేదు. అందేలోగా మొగుడూ ఎద్దూ మంచులో కలిసిపోయారు. వాళ్ళ వెనకే ఇంకో పదిమంది మూటలెత్తుకుని పరుగు.

కాసేపయింది. శెట్టి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

పక్కనే ఒక మేక ఎవరిదో గంప అంచు నములుతోంది. "అయిపోయింది. కొనేవాళ్ళే లేరట," అంది నములుతూనే.

"ఎవరన్నారు?"

"గోరువంక అంది."

"అది ధర పడిందనే కదా అంది?"

"అది ఇందాకటి మాట తల్లీ. ఇప్పుడు మాట పెరిగింది."

బసవడు లేచాడు. "అమ్మా, ఇక్కడే కొనకపోతే అవతల మాత్రం కొంటారా? నాన్న ఉత్తినే ఏరు దాటుతున్నాడు. పిలుచుకొస్తా."

"ఒరే, ఆగరా! ఆ మేక మాట..."

బసవడు ఆగలేదు. మంచులో మరో మనిషి తగ్గాడు. ఆదెమ్మ అటు చూస్తుంది, ఇటు చూస్తుంది. ధర పడితే కొనేవాడు ఉండాలి కదా? కొనేవాడే లేకపోతే పడటానికి ధరేది? ఎవర్ని అడిగినా పక్కవాడిని చూపిస్తున్నారు. పక్కవాడు ఆమెనే చూపిస్తున్నాడు.

అంతలో శెట్టి కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. బొటబొటా.

సంత గొల్లుమంది. రేవు వైపు నుంచి ఒక గాడిద ఎదురొచ్చింది.

"పెద్దశెట్టి దివాలా తీశాడట! ఇక సంత లేదట! ఇల్లూ వాకిలీ మూటగట్టుకుని అందరూ రేవుకే పోతున్నారు."

"ఎవరన్నారమ్మా?"

"మేక అంది."

"మరి నువ్వు పోలేదేం?"

"పోయే వచ్చాను. రేవు దగ్గర ఇసుకేస్తే రాలదు. బల్లకట్టు మీద మూటలు, మూటల మీద మనుషులు. నీళ్ళు అంచు దాకా వచ్చాయి. నేనెక్కనన్నాను. నన్ను పట్టుకుని గాడిదన్నారు."

ఆ నెలలో ఏటికి నీళ్ళు తక్కువే. కానీ రేవు దగ్గర మడుగుంది. దాని లోతు చూసినవాళ్ళు లేరు.

"అమ్మా, నాన్ననీ అన్ననీ నేను లాక్కొస్తా," అంది నాంచారు.

ఆదెమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. పసుపు పట్టిన చెయ్యి, జారిపోయింది. నాంచారు కూడా మంచులోకి పోయింది.

ఇక ఆదెమ్మ ఒక్కతే. బండిలో అడుగున రెండు మూటలు.

ఆమె శెట్టి ముఖం వంక చూసింది. అందరూ ఆ ముఖంలో ఏదో ఒకటి చదివారు. ఆమె ఎంత చూసినా ఒక్క ముక్క తెలియలేదు. ముడతలు, చెమట, కన్నీళ్ళు. ఇంతే. నాకు తెలివి లేదు కాబోలు అనుకుంది. మరి తెలివున్నవాళ్ళంతా మడుగు మీద ఉన్నారు.

ఆమె తిన్నగా తువ్వాలు దగ్గరికి నడిచింది.

"ఏయ్, ఏయ్, నోరెత్తకు!" అన్నారు చుట్టూ ఉన్న చిన్నశెట్లు. "నీ పసుపు ఈ ఏడు కుక్క కూడా ముట్టదు!"

"పసుపు మాట తరవాత. నా వాళ్ళు బల్లకట్టు మీదున్నారు."

ఆమె వంగి, పిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది. "శెట్టిగారూ, మీకేమయింది?"

ఆ సంత పుట్టాక ఆ మాట ఎవరూ అడగలేదు.

పానకాల శెట్టి కళ్ళు తెరిచాడు. చుట్టూ చూశాడు.

"గోరుచుట్టమ్మా," అన్నాడు సన్నగా. "మూడు రోజులబట్టి చూపుడువేలికి గోరుచుట్టు. పుండు చేత్తో తొలి బేరానికి కూచుంటే కీడంటారు. అందుకని చెప్పలేదు. ఈ గంగులేమో సరిగ్గా ఆ వేలే పట్టుకున్నాడు. వదలడు!"

"వదలమంటే వదిలేవాణ్ణి కాదటయ్యా!" అన్నాడు గంగులు గాభరాగా. "నోరు మెదపగూడదంటిరి మీరేను!"

"మరి ధర పడిందా?" అని అడిగింది ఆదెమ్మ.

"పడటమా! పోయినేటి కన్నా ఒక వేలు ఎక్కువకి ఒప్పుకున్నాను తల్లీ. ఆ ఎక్కువ వేలే ఈ వేలు!"

తువ్వాలు తీశారు. వేలు చిన్న వంకాయంత ఉంది. చూరు మీద గోరువంక రెక్కలో ముఖం దాచుకుంది.

"శెట్టిగారూ, లేవండి," అంది ఆదెమ్మ. "నేను చెబితే నమ్మరు. మీ వేలు చెబితే నమ్ముతారు."

పానకాల శెట్టి పంచె ఎగ్గట్టి, వేలు పైకెత్తి పరుగెత్తాడు. గంగులు వెనకే. ఆదెమ్మ ఆ ఇద్దరికన్నా ముందు.

రేవులో మనుషులు కనబడలేదు. మంచే కనబడింది. మాటలు మాత్రం నీళ్ళ మీంచి వస్తున్నాయి. బల్లకట్టు అప్పటికే కదిలి మడుగు మీదికి పోయింది.

"వెనక్కి రండి!" అని శెట్టి కేక పెట్టాడు. "ధర పెరిగింది! నేను పానకాల శెట్టిని! నాకు గోరుచుట్టు!"

"ఏమిటట?" అంది ఒక గొంతు మంచులోంచి.

"శెట్టికి గోరుచుట్టట! ధర పెరిగిందట!"

అంతే. వెళ్ళేటప్పుడు ఎంత తొందరో, తిరిగి రావడానికీ అంతే తొందర. బల్లకట్టు మీది జనమంతా ఒక్కసారిగా ఇటు పక్కకి తిరిగారు. కట్టు ఒరిగింది. మూటలు దొర్లాయి. నీళ్ళల్లో దబ్బు దబ్బుమని చప్పుడు. పడింది మూటలో, మనుషులో!

ఆదెమ్మకి గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు.

"కదలకండి! ఎవరున్నచోట వాళ్ళు కూలబడండి! మూటలు తోసెయ్యండి! సరంగు అన్నా, తాడు లాగు! మెల్లిగా లాగు!"

ఏరు పచ్చబడింది. ఏడాది కష్టం నురగలు కట్టి పోతోంది. తాడు కిర్రుకిర్రుమంది. ఎంతసేపని లెక్కబెట్టే ధైర్యం ఎవరికుంది? చివరికి మంచులోంచి బల్లకట్టు అంచు కనబడింది, రేవుకి దిగువన ఎక్కడో. జనం తడిసి దిగుతున్నారు. దిగినవాళ్ళు దిగినట్టే గట్టు వెంటా, పుట్టల వెంటా పడి చెల్లాచెదురైపోతున్నారు.

ఆదెమ్మ ఒక్కొక్క ముఖమూ పట్టుకుని చూసింది. తనవాళ్ళు కాదు. ఇదీ కాదు.

"మీవాళ్ళు గట్టు దారిన ఇంటికి పోయారటమ్మా," అన్నాడు ఎవరో.

"చూశావా?"

"లేదు. అట."

'అట' అనే మాట ఆమె ఇక వినదలచుకోలేదు.

ఈలోగా చిన్నశెట్లు సంత నుంచి రేవుకి దిగొచ్చారు. "ఏదేమైనా ఆచారం ఆచారమే. ఈవిడ తువ్వాలు దగ్గర నోరెత్తింది. ఈవిడ పసుపు ముట్టేది లేదు."

పానకాల శెట్టి వాళ్ళ వంక చూశాడు. పచ్చటి ఏటి వంక చూశాడు. "తప్పింది ఆవిడ కాదురా. నొప్పి దాచుకుని తువ్వాలు కప్పుకున్నవాణ్ణి నేను. నా ముఖం చూసి ధర కట్టినవాళ్ళు మీరు." వాపు చెయ్యి ముందుకి చాచాడు, తువ్వాలు లేకుండానే, అందరి ఎదుటా. "అమ్మా, నీ బండిలో మిగిలిన మూటలు నేను తీసుకుంటాను. నోటితోనే ధర చెబుతున్నాను, వినండి, గంగులుకి ఒప్పుకున్న ధరే. ముందు బోణీగా చిటికెడు పసుపు నా వేలికి పెట్టు. పైన నిమ్మకాయ తొడుగుతాను."

ఆదెమ్మ కొంగున అంటిన పసుపే తీసి ఆ వేలికి అద్దింది. ఇంక అక్కడ నిలబడలేదు.

ఆ తరవాత పసుపుమడి సంతలో తువ్వాలు అయితే పోలేదు గానీ, ఒక కొత్త ఆచారం వచ్చింది. బేరానికి కూచునే ముందు ఇద్దరూ రెండు చేతులూ ఎత్తి జనానికి చూపించాలి. జనంలోంచి ఎవరో ఒక ఆడమనిషి "ఏమైనా నొప్పుందా?" అని అడగాలి. లేదంటేనే తువ్వాలు పడుతుంది.

కానీ ఆ రోజు మాట చెబుతున్నాను. ఆదెమ్మ గట్టు దారంతా పరుగు లాంటి నడక నడిచి ఇల్లు చేరింది. వాకిట్లో ఎవరూ లేరు. దీపాల వేళకి ఇంకా పొద్దుంది. మంచు అప్పటికి విడిచింది. గడప మీద కూచుంది.

ముందు నాంచారు వచ్చింది. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. "అమ్మా, నేను ఎక్కనే లేదే, గాడిద నా వెనకే వచ్చి అడ్డం నిలబడింది. రేవు దిగువన అన్న నీళ్ళల్లోకి దిగి అందర్నీ లాగుతుంటే తాడు పట్టుకున్నా," అంది. ఆదెమ్మ తల తడిమింది. ఒకటి.

బసవడు వచ్చాడు. ఒక చెప్పు లేదు. తల తడిమింది. రెండు.

పక్కింటి సుబ్బులు మొగుడు వచ్చాడు. వాళ్ళ పిల్లలు వచ్చారు. ఆమె ఆ పిల్లల తలలూ తడిమింది. తనవాళ్ళా, పరాయివాళ్ళా అని చూడలేదు.

చలమయ్య చాలాసేపటికి గాని రాలేదు. వచ్చి, గడప అవతలే నిలబడ్డాడు. "ఆదీ, మూటలన్నీ పోయాయే," అన్నాడు.

"నువ్వు వచ్చావుగా," అంది. చెయ్యి పట్టి లోపలికి లాగింది. మూడు.

ఆ పైన ఎవరూ రావడం లేదు. ఆమె అయినా లేవలేదు. వీధి మలుపు వంకే చూస్తోంది. పొద్దు వాలింది. అప్పుడు మలుపులో కొమ్ములు కనబడ్డాయి. కొమ్ముల వెనక, ఈసారి, ఎద్దు కూడా కనబడింది. మచ్చలు లేవు. మెడ దాకా పసుపు.

నాలుగు, అంది ఆదెమ్మ, అప్పుడు ఏడిచింది.

పిల్లలూ, ముఖం చూసి ధర కట్టకండి, అటలు విని పడవెక్కకండి. తెలియనిది తెలియదని నోరు తెరిచి అడిగిన ఇంటికే అందరూ తిరిగొస్తారు.